కుక్కపిల్లకు ఒంటికి, రెంటికి బయటికెళ్లడం నేర్పడం ఎలా?

కొత్తగా తెచ్చుకున్న కుక్కపిల్ల హాలు మధ్యలో తడి చేసిందంటే అది మొండిదనో, తెలివి తక్కువదనో అనుకోకండి. హాలంటే ఏమిటో, పెరడంటే ఏమిటో దానికింకా తెలియదు. దానికి తెలిసేదల్లా పాదాల కింద తగిలే నేల. మెత్తగా ఉందా, గరుకుగా ఉందా, తడి పీల్చుకుంటుందా అన్నదే దాని లెక్క.

పుట్టిన మొదటి రెండు మూడు వారాలు తల్లి నాకితే తప్ప పిల్లలకు ఒంటికీ రాదు, రెంటికీ రాదు. వచ్చినదాన్ని కూడా తల్లే శుభ్రం చేసేస్తుంది. మూడో వారం దాటి కాళ్లు నిలదొక్కుకున్నాక పిల్లలు వాటంతటవే పడుకునే చోటికి కాస్త ఎడంగా వెళ్లి పని కానిచ్చుకుంటాయి. ఎనిమిది తొమ్మిది వారాలు నిండేసరికి అలా వెళ్లిన చోట ఏ నేల ఉంటే దానికే అలవాటు పడతాయి. అందుకే పిల్లను తెచ్చుకునేటప్పుడు టీకాల చీటీతో పాటు ఒక మాట అడిగి తెలుసుకోండి: ఇన్నాళ్లూ ఇది ఎక్కడ పోసేది? కాగితాల మీదా, గడ్డిలోనా, మట్టిలోనా, ఉత్త గచ్చు మీదా? గచ్చు మీదే పెరిగిన పిల్లకు మీ ఇంట్లో ప్రతి గదీ బాత్రూమే. దాన్ని మట్టికో గడ్డికో మార్చడానికి కాస్త ఎక్కువ ఓపిక పట్టాలి, అంతే.

మొత్తం మీద మీరు దానికి నేర్పాల్సినవి రెండే. ఏ నేల, ఏ వేళ.

ముందు చోటు తేల్చుకోండి

పిల్ల ఇంట్లో అడుగుపెట్టక ముందే ఒక చోటు ఖాయం చేసుకోండి. రోజూ అదే తలుపులోంచి, అదే దారిలో, అదే మూలకు వెళ్లాలి. ప్రహరీ ఉన్న పెరడైనా సరే, మొదట్లో లీష్ (మెడపట్టీకి తగిలించే తాడు) కట్టే తీసుకెళ్లండి. వదిలేస్తే సీతాకోకచిలుక వెంట పడి, వచ్చిన పని మరిచిపోయి, లోపలికి రాగానే గుర్తు తెచ్చుకుంటుంది. ఇంట్లో పోసినప్పుడు అద్దిన కాగితం ముక్క ఒకటి తీసుకెళ్లి ఆ మూలన పెడితే, ఆ వాసనే దానికి దారి చెబుతుంది.

ఇక్కడ టీకాల సంగతి చూసుకోవాలి. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. పిల్లలకు వేసే టీకాల వరసలో చివరి డోసు పదహారు వారాలకు గానీ పూర్తికాదు. అప్పటిదాకా ఊరి కుక్కలన్నీ తిరిగే చోటికి తీసుకెళ్లకండి. సొంత పెరడు ఉంటే అది చాలు. అపార్టుమెంటులో ఉంటే బాల్కనీలో ఒక వెడల్పాటి ట్రేలో గడ్డి పలకో మట్టో పరవండి. ఎక్కడికి తీసుకెళ్లొచ్చు, ఎప్పటినుంచి తీసుకెళ్లొచ్చు అన్నది మీ వెటర్నరీ డాక్టర్ని అడిగి నిర్ణయించుకోండి.

ఇంట్లోనే పోసుకోవడానికి నేల మీద పరిచే ట్రైనింగ్ ప్యాడ్ల గురించి నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను: వేరే దారి ఉంటే వాడొద్దు. ప్యాడ్ మెత్తగా, గుడ్డలా ఉంటుంది. కాలిపట్టా, బాత్రూం ముందు పరిచే మ్యాట్, మంచం మీంచి జారిన దుప్పటి కూడా అలాగే ఉంటాయి. దాని పాదాలకు వీటి మధ్య తేడా తెలియదు. ప్యాడ్ మీద చక్కగా పోసే పిల్ల కాలిపట్టా తడిపిందంటే తప్పు చేసినట్టు కాదు, మీరు నేర్పిందే చేసినట్టు. ఇప్పటికే ప్యాడ్ అలవాటైపోయి ఉంటే ఒక్కసారిగా తీసేయకుండా రోజుకు కొంచెం కొంచెంగా తలుపు వైపు జరపండి. తర్వాత గడప దాటించి, బయట గడ్డి మీద పరవండి. ఆ పైన దాన్ని మడిచి చిన్నది చేసుకుంటూ పోయి తీసేయండి. కిందికి దిగలేని పెద్దవాళ్లు పెంచుకునే బుజ్జి కుక్కకు జీవితాంతం ప్యాడే అయినా తప్పులేదు. కాకపోతే ఆ ఇంట్లో చిన్న చిన్న మ్యాట్లు ఉండకూడదు.

ఇక వేళలు

దాదాపు అందరూ చెప్పే లెక్క ఒకటుంది. పిల్ల వయసు నెలల్లో ఎంతో, దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు పగటిపూట ఆపుకోగలదని. రెండు నెలల పిల్లంటే మూడు గంటలన్నమాట. ఇది గరిష్ఠం, అది కూడా పడుకుని ఉన్నప్పటి మాట. మెలకువగా ఉండి గెంతుతున్న పిల్లకు అరగంట, ముప్పావుగంట కూడా ఎక్కువే. చిన్న జాతుల పిల్లలకు మూత్రాశయమూ చిన్నదే, ఇంకా తొందరగా నిండుతుంది. మూడు గంటలు ఆపుకోవాలి కదా అని దాన్ని పరీక్షించకండి.

గడియారం కంటే సందర్భాలను నమ్ముకోవడం మేలు. నిద్ర లేచిన వెంటనే, అంటే కళ్లు తెరిచిన నిమిషంలోపే. తిన్నాక ఐదు నిమిషాల నుంచి అరగంట లోపు. కడుపులో తిండి పడగానే పేగులు కదలడం మొదలవుతుంది. గిన్నెడు నీళ్లు తాగాక. ఆట మధ్యలో ఒకసారి, ఆట అయ్యాక ఇంకోసారి. ఇంటికి ఎవరైనా వచ్చి ముద్దు చేసి వెళ్లాక. క్రేట్‌లోంచి, అంటే అది పడుకునే తలుపున్న బోనులోంచి, బయటికి రాగానే. రాత్రి పడుకోబోయే ముందు. లెక్కవేస్తే రోజుకు పది, పన్నెండు సార్లు దాటుతుంది. మొదటి నెలంతా ఇంతే. దీనికి దగ్గరి దారి ఉందని ఎవరన్నా నమ్మకండి.

తిండి రోజూ ఒకే వేళకు పెట్టండి. నాలుగు నెలల లోపు పిల్లకు రోజుకు మూడు నాలుగు పూటలు చాలు. పదిహేను, ఇరవై నిమిషాల్లో తినకపోతే గిన్నె తీసేయండి. రోజంతా గిన్నె నిండుగా ఉంచి, రెంటికి మాత్రం వేళకు వెళ్లాలంటే ఎలా కుదురుతుంది? నీళ్లకు మాత్రం ఈ కట్టడి వద్దు, పగలంతా అందుబాటులో ఉండాల్సిందే. పడుకోవడానికి గంట ముందు చివరిసారి తాగించి గిన్నె తీయొచ్చు. ఎండ బాగా ఉన్నా, ఒంట్లో బాగోలేకపోయినా అది కూడా వద్దు.

తలుపు వెనక ఒక కాగితం అంటించి, ఎప్పుడు తిన్నది, ఎప్పుడు పోసింది, ఎక్కడ పోసింది రాసిపెట్టండి. వారం తిరిగేసరికి మీ పిల్ల టైంటేబుల్ మీ కళ్ల ముందుంటుంది. ఇంట్లో నలుగురు ఉంటే ఈ కాగితం మరీ ముఖ్యం. "నువ్వు తీసుకెళ్లావనుకున్నా" అన్న మాట దగ్గరే సగం సార్లు ఇల్లు తడి అవుతుంది.

బయటికి తీసుకెళ్లాక

అసలు పాఠం ఇక్కడే ఉంది, ఎక్కువమంది తప్పేదీ ఇక్కడే.

మొదటి కొన్ని రోజులు పిల్లను ఎత్తుకునే తీసుకెళ్లండి. నిద్ర లేచిన పిల్లను నడిపిస్తే తలుపు దాకా వెళ్లేలోపే దారిలో కూర్చుంటుంది. కాస్త ఆపుకోవడం వచ్చాక నడిపించండి, దారి దానికి తెలియాలి కదా.

మూలకు చేరాక చెట్టులా నిలబడండి. ఫోన్ చూడొద్దు, పిల్లతో ఆడొద్దు, "పొయ్యి పొయ్యి" అని వెంటపడొద్దు. లీష్ పొడవున్నంత మేర అది వాసన చూసుకుంటూ తిరగనివ్వండి. ఐదు నిమిషాలు ఆగితే చాలు. ముక్కు నేలకు ఆనించి అక్కడక్కడే గుండ్రంగా తిరిగి, వెనక కాళ్లు కాస్త వంచి, ఒక్కసారి కదలకుండా ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడు మెల్లగా ఒకే ఒక్క మాట అనండి. "కానీ" అనండి, మీకు నచ్చిన ఇంకేదైనా అనండి, కానీ ఇంట్లో అందరిదీ ఒకే మాట అయి ఉండాలి. కొన్ని వారాలకు ఆ మాట వింటేనే దానికి పని గుర్తొస్తుంది. ప్రయాణంలో, వానలో ఈ మాట విలువ తెలుస్తుంది.

పోస్తుండగా మాత్రం "శభాష్" అని అరవకండి. సగంలో ఆపేసి తోక ఊపుకుంటూ మీ దగ్గరికి పరిగెత్తుకొస్తుంది. మిగతా సగం ఇంట్లోకి వచ్చాక చూసుకుంటుంది. పూర్తిగా అయ్యి, నడుం ఎత్తి ఒక అడుగు వేసిందో లేదో, అక్కడికక్కడే ట్రీట్ (మెచ్చుకోలుగా పెట్టే తినుబండారం) నోట్లో పడాలి. వేలిగోరంత ముక్క చాలు, కానీ ఒకటి రెండు సెకన్లలో అందాలి. అందుకే ట్రీట్ మీ జేబులో ఉండాలి, వంటింటి డబ్బాలో కాదు. లోపలికి వచ్చాక పెడితే దాని దృష్టిలో అది లోపలికి వచ్చినందుకు ఇచ్చిన బహుమానం.

పిల్లలు ఒకేసారి అంతా కానివ్వవు. మొదటిసారి అయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఆగితే తరచూ రెండోసారి కూడా పోస్తాయి. ఆ తర్వాత వెంటనే లోపలికి లాక్కొచ్చేయకండి. కాసేపు ఆడించండి, నాలుగడుగులు తిప్పండి. పని అయిన మరుక్షణం సరదా అయిపోతుందని తెలిస్తే, తెలివైన పిల్ల బయట ఉన్నంతసేపూ బిగపట్టుకుంటుంది.

ఐదు నిమిషాలు నిలబడ్డా ఏమీ కాలేదనుకోండి. లోపలికి తీసుకురండి, కానీ వదలొద్దు. క్రేట్‌లో ఉంచండి, లేదా లీష్ మీ చేతిలోనే ఉంచుకోండి. పది, పదిహేను నిమిషాలాగి మళ్లీ అదే మూలకు తీసుకెళ్లండి. "బయట అరగంట తిప్పినా పోయదు, లోపలికి రాగానే పోసేస్తుంది" అని బాధపడే వాళ్లందరూ వదిలేసే మెట్టు ఇదే.

ఇంట్లో ఉన్నంతసేపు

పిల్ల ఇంట్లో ఉన్నప్పుడు మీ కళ్లెదుట అయినా ఉండాలి, మీ నడుముకు కట్టిన లీష్ చివర అయినా ఉండాలి, క్రేట్‌లోనో చిన్న కంచెలోనో అయినా ఉండాలి. పక్క గదిలో చప్పుడు లేకుండా ఉందంటే నిద్రపోయి ఉండొచ్చు, పోస్తూ ఉండొచ్చు.

గమనించాల్సినవి చిన్న చిన్న సంగతులే. బొమ్మను కొరుకుతున్న పిల్ల ఉన్నట్టుండి దాన్ని నోట్లోంచి వదిలేస్తుంది. తల వంచుతుంది. ముక్కు నేలకు రాసుకుంటూ, మీ వైపు చూడకుండా, సోఫా వెనక్కో తలుపు చాటుకో నడుస్తుంది. తోక మొదలు కాస్త పైకి లేస్తుంది. ఇక మీకున్నది నాలుగైదు సెకన్లు. ఎందుకు వెళ్తోందా అని ఆలోచించకుండా ఎత్తుకుని బయటికి నడవండి. పది సార్లలో రెండు సార్లు అది ఊరికే వెళ్లి ఉన్నా నష్టమేం లేదు.

క్రేట్ సైజు ముఖ్యం. లేచి నిలబడి, ఒక చుట్టు తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత ఉంటే చాలు. మరీ పెద్దదైతే ఒక మూల పడుకుని ఇంకో మూల పోస్తుంది. పెద్దగా పెరిగే జాతి అయితే మధ్యలో అడ్డుపలక ఉన్న క్రేట్ తీసుకుని, పిల్లతో పాటు జరుపుకుంటూ పోవచ్చు. తలుపు తెరిచే ఉంచి, లోపల తిండి పెడుతూ కొద్ది రోజులు అలవాటు చేశాకే మూయండి. శిక్ష వేయడానికి ఎప్పుడూ క్రేట్ వాడకండి. గంటల తరబడి మూసిపెట్టి వెళ్లిపోతే పడుకున్న చోటే పోయక తప్పదు. పడుకునే చోట పోయడమంటే పిల్లకు సహజంగా ఉండే అసహ్యం ఒకసారి పోయిందంటే క్రేట్ ఇక పనికిరాదు. ఇరుకు బోనుల్లో పెరిగి వచ్చిన పిల్లల్లో ఈ అసహ్యం ముందే పోయి ఉండొచ్చు. వాటికి క్రేట్ కంటే కంచె, ఇంకా తరచుగా బయటికి తీసుకెళ్లడమే మార్గం. మీరు ఉద్యోగానికి వెళ్లేవాళ్లయితే మధ్యాహ్నం ఎవరైనా వచ్చి తీసుకెళ్లే ఏర్పాటు చేసుకోవాల్సిందే. రెండు నెలల పిల్లను ఎనిమిది గంటలు వదిలేసి నేర్పగలిగే పద్ధతి ఏదీ లేదు.

కార్పెట్లు, మ్యాట్లు చుట్టి అటక మీద పెట్టేయండి. కొన్ని నెలలు ఇల్లు బోసిగా ఉన్నా పర్వాలేదు.

మొదట ఒక్క గది. ఆ గదిలో నాలుగు వారాలు ఒక్క చుక్క పడకపోతే రెండో గది తెరవండి, కొత్త గదిలో కొన్ని రోజులు మళ్లీ మొదటి రోజులాగే కనిపెట్టుకుని ఉండండి. చాలా ఇళ్లలో మూడో వారంలోనే ఈ వ్యవహారం చెడుతుంది. పది రోజులు తడి లేదు కదా, నేర్చేసుకుందని అన్ని తలుపులూ బార్లా తెరుస్తారు. నిజానికి అప్పటిదాకా సరిగ్గా నడిచింది మీ కాపలా, పిల్ల అలవాటు ఇంకా గట్టిపడలేదు. ఆరు నెలల నుంచి ఏడాది మధ్యలో గానీ పూర్తిగా నమ్మడానికి లేదు.

ఇంట్లో పోసేస్తే

పోస్తుండగా చూస్తే ఒక చిన్న చప్పట్లో, "అరె" అన్న మాటో చాలు. ఆగుతుంది. ఎత్తుకుని మూలకు తీసుకెళ్లండి. మిగిలింది అక్కడ పోస్తే ట్రీట్ ఇవ్వండి.

పోసేసి వెళ్లిపోయాక చూస్తే తుడవడం తప్ప మీరు చేయగలిగింది లేదు. దాన్ని లాక్కొచ్చి, ముక్కు ఆ తడిలో రాసి, తిట్టే అలవాటు తరాలుగా ఉంది, నాకు దానంత పనికిమాలినది ఇంకొకటి కనబడదు. నిమిషం క్రితం జరిగినదానికీ ఈ తిట్లకూ అది లంకె వేసుకోలేదు. "తప్పు చేశానని దానికి తెలుసు, ముఖం చూడండి" అంటారు. కుక్కల ప్రవర్తనపై పరిశోధించే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఈ ముఖాన్నే పరీక్షకు పెట్టారు. చెవులు వాల్చి, చూపు తిప్పుకునే ఆ వాలకం యజమాని తిట్టినప్పుడే ఎక్కువగా కనిపించింది. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో దానికి సంబంధం కనబడలేదు. అది మీ కోపానికి బెదిరిన ముఖం. అలా బెదిరిన పిల్ల నేర్చుకునేది ఒక్కటే, మనిషి చూస్తుండగా పోయకూడదని. ఇకనుంచి మంచం కింద పోస్తుంది. బయట లీష్ చివర మీరు నిలబడి ఉంటే బిగపట్టుకుంటుంది.

తుడవడంలోనూ పద్ధతి ఉంది. రుద్దకుండా పొడిగుడ్డతోనో కాగితంతోనో అద్ది తడి అంతా తీయండి. తర్వాత పెంపుడు జంతువుల మరకల కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్ ధారాళంగా పోసి, డబ్బా మీద రాసినంత సేపు వదిలేసి, ఆరనివ్వండి. ఆ ఎంజైములు వాసనకు మూలమైన పదార్థాలను విరగ్గొడతాయి. ఫినాయిల్ ఘాటు మీ ముక్కును మాయ చేస్తుంది, దాని ముక్కును కాదు. పైగా ఫినాయిల్ లాంటివి పాదాలకు అంటి, నాకితే దానికి హాని. అమ్మోనియా ఉన్న క్లీనర్లు వద్దు, మూత్రంలోనూ అదే వాసన కాబట్టి "ఇక్కడే" అని బోర్డు పెట్టినట్టవుతుంది. మూత్రం మీద బ్లీచ్ పోస్తే హానికరమైన ఆవిర్లు వస్తాయి. కార్పెట్‌కు స్టీమ్ పట్టిస్తే ఆ వేడికి మరక, వాసన ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. ఒకే చోట మళ్లీ మళ్లీ పోస్తుంటే, శుభ్రం చేశాక అక్కడే దాని తిండి గిన్నె పెట్టి చూడండి.

రాత్రి పూట

క్రేట్ మీ మంచం పక్కనే ఉంటే అది కదిలినా, మూలిగినా వినబడుతుంది. వినబడగానే లైట్లు వేయకుండా, మాటల్లేకుండా బయటికి, పని అయ్యాక ట్రీట్, మళ్లీ క్రేట్‌లోకి. ఆటలు మొదలుపెట్టారంటే రేపటినుంచి ఆటల కోసమే లేపుతుంది. నిద్రలో మూత్రం తక్కువగా తయారవుతుంది కాబట్టి పగటికంటే ఎక్కువసేపే ఆపుకుంటుంది. నాలుగు నెలలు దాటేసరికి చాలా పిల్లలు తెల్లవార్లూ పడుకుంటాయి.

ఇంట్లో తడి అయినా, పాఠం వేరే

మీరు ఇంటికి రాగానే ఒంగి పలకరిస్తే, ఆ సంబరంలోనో భయంలోనో నాలుగు చుక్కలు పోసే పిల్లలుంటాయి. అది దాని చేతిలో లేదు. తిడితే ఇంకా ఎక్కువవుతుంది. వచ్చిన వెంటనే దాని మీదికి వంగకుండా, కళ్లలోకి చూడకుండా, పక్కకు తిరిగి కూర్చుని అది శాంతించాక పలకరించండి. వీలైతే ఆ పలకరింపు గడప బయటే పెట్టుకోండి. ఏడాది లోపు చాలామట్టుకు తగ్గిపోతుంది.

ఆరు నెలలు దాటిన మగకుక్క గోడకో కుర్చీకాలికో కాలెత్తి కొంచెం కొంచెం పోస్తే అది తన గుర్తు వేసుకోవడం. మూత్రాశయం నిండి కాదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌తో చాలా కుక్కల్లో ఇది తగ్గుతుంది. దానితోపాటు కొన్నాళ్లు లీష్ మీద కనిపెట్టుకుని ఉండటం, పాత గుర్తులను ఎంజైమ్‌తో కడగడం రెండూ కావాలి.

ఎదిగిన కుక్కను దత్తత తెచ్చుకున్నప్పుడు, పాత ఇంట్లో ఎంత బాగా అలవాటైనదైనా, మీ ఇంట్లో మొదటి రెండు వారాలు దాన్ని రెండు నెలల పిల్లగానే చూడండి. దానికి మీ తలుపు ఎటువైపుందో తెలియదు. ఆపుకునే శక్తి ఉంటుంది కాబట్టి పిల్లకంటే చాలా తొందరగా పట్టేస్తుంది.

నెలల తరబడి శుభ్రంగా ఉన్న కుక్క హఠాత్తుగా ఇంట్లో పోయడం మొదలుపెడితే మాత్రం శిక్షణ గురించి ఆలోచించకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, మధుమేహం, కిడ్నీ జబ్బు కావచ్చు. స్టెరాయిడ్ మందులు వాడుతున్నా దాహమూ మూత్రమూ పెరుగుతాయి. ఆపరేషన్ అయిన కొన్ని ఆడకుక్కల్లో నిద్రలో తెలియకుండా కారడం ఉంటుంది, దానికి మందులున్నాయి. ముసలి కుక్కకు మతిమరుపు వచ్చినా తలుపు మరిచిపోతుంది. పిల్లకు రెంటికి పల్చగా అవుతుంటే ముందు నులిపురుగుల పరీక్ష చేయించండి. మాటిమాటికీ ముక్కుతూ కూర్చున్నా చుక్క రాకపోతే, ముఖ్యంగా మగకుక్కలో, తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడు తీసుకెళ్లాలి. మామూలు పరీక్షకైతే పొద్దున మొదటిసారి పోసేటప్పుడు పొడవాటి పిడి ఉన్న శుభ్రమైన గరిటె కిందపెట్టి పట్టి, మూత ఉన్న సీసాలో పోసి తీసుకెళ్లండి. వెళ్లడం ఆలస్యమయ్యేట్టుంటే సీసాను ఫ్రిజ్‌లో ఉంచండి.